లిస్బన్‌లో మేస్త్రీ గారి పక్కన

మొన్న జూన్‌లో నేనూ మావారూ పది రోజులు పోర్చుగల్‌లో గడిపాము. చూసినవన్నీ వరుసగా రాయాలని మొదట అనుకున్నాను గాని, తిరిగి వచ్చిన తరువాత ఎవరు అడిగినా నా నోట ముందుగా వచ్చేది ఒకే ఒక్క రోజు ముచ్చట. అది లిస్బన్‌లో మా మూడో రోజు. ఆ రోజు పొద్దున మేము వాస్కో డ గామా సమాధి ముందు నిలబడ్డాము. రాత్రి పదింటికి, అంతకు ముందు ముక్కూమొహం తెలియని ఒక కుటుంబంతో ఒకే బల్ల దగ్గర కూర్చుని, వాళ్ల భాష నుంచి మన తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలను వేళ్ల మీద లెక్కపెడుతున్నాము.

ఎనిమిదిన్నరకు ఫిగైరా కూడలిలో 15వ నంబరు ట్రామ్ ఎక్కాము. మేము వెళ్లవలసిన బెలేం అక్కడికి పడమరగా, తేజు నది సముద్రంలో కలిసే వైపు ఉంటుంది. తేజు అంటే మనం భూగోళం పాఠాల్లో టేగస్ అని చదువుకున్న నదే. దారిలో ట్రామ్ ఒక ఎర్రటి వేలాడే వంతెన కింద నుంచి వెళుతుంది. 1966లో పూర్తయిన ఆ వంతెనకు మొదట నియంత సలజార్ పేరు పెట్టారు. 1974 ఏప్రిల్ 25న సైనికులు తిరగబడి, 1926 నుంచి సాగుతున్న నియంతృత్వానికి ముగింపు పలికిన తరువాత, ఆ తేదీనే వంతెనకు పేరుగా పెట్టుకున్నారు. ఇంటికీ ఉద్యోగానికీ మధ్య రోజూ ఆ వంతెన దాటేవాళ్లు తమకు స్వేచ్ఛ వచ్చిన తేదీని మామూలు మాటల్లో పలుకుతూ ఉంటారన్న సంగతి నాకు ఎంతో నచ్చింది.

బెలేంలో జెరోనిముష్ మఠాన్ని చూడడానికి మేము చాలా రోజుల ముందు నుంచే ఎదురుచూస్తున్నాము. మాన్యుయెల్ రాజు కట్టించిన ఈ మఠం పనులు 1501లో మొదలై, పూర్తి కావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఆఫ్రికా నుంచీ తూర్పు దేశాల నుంచీ ఓడల్లో దిగే సరుకు మీద నూటికి ఐదు వంతుల సుంకం వేసి, ఆ సొమ్ముతో ఇంత పనీ చేయించారు. అందులో మన మలబారు తీరపు మిరియాల వాటా తక్కువేమీ కాదు. తేనెరంగు సున్నపురాయి మీద శిల్పులు దేవతలను, సాధువులను ఎంత శ్రద్ధగా చెక్కారో, సముద్రానికి సంబంధించిన వస్తువులను కూడా అంతే శ్రద్ధగా చెక్కారు. ఒక స్తంభం చుట్టూ పురి పెట్టిన మోకు చుట్టుకుని ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ మోకులోని ఒక్కొక్క పోగూ విడివిడిగా కనిపిస్తుంది, ముడి వేసిన చోట అది బిగుసుకున్న తీరు కూడా తెలుస్తుంది. చర్చి లోపలి స్తంభాలు సన్నగా, చాలా ఎత్తుగా సాగి, పైన కొబ్బరి మట్టలు విచ్చుకున్నట్టు కప్పులో కలిసిపోతాయి. ఊరిలో చాలా భాగాన్ని కూల్చిన 1755 నాటి భూకంపానికి కూడా ఆ కప్పు నిలబడింది.

లోపలికి అడుగుపెట్టగానే ఎడమ వైపున వాస్కో డ గామా సమాధి, కుడి వైపున అతని ప్రయాణాన్ని కావ్యంగా రాసిన కవి కమోయింష్ సమాధి ఉన్నాయి. రాతి పెట్టె మీద గామా ప్రతిమ రెండు చేతులూ జోడించి వెల్లకిలా పడుకుని ఉంటుంది. పెట్టె పక్కన ఒక తెరచాప ఓడ చెక్కి ఉంది. 1497 జూలై 8న ఈ బెలేం ఒడ్డు నుంచే బయలుదేరిన మనిషి 1498 మే 20న కోళికోడ్ దగ్గర లంగరు వేశాడు. 1524లో క్రిస్మస్ ముందురోజు కొచ్చిలో చనిపోతే అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనే పాతిపెట్టారు. 1539లో అస్థికలను పోర్చుగల్‌కు తెచ్చారు, 1880లో ఈ మఠానికి చేర్చారు. బడిలో అతని పేరును సముద్రమార్గం కనిపెట్టిన వీరుడిగా చదివాను. ఆ తరువాత, 1502లో రెండో ప్రయాణంలో, మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను మలబారు తీరం దగ్గర స్త్రీలతో, పిల్లలతో సహా తగలబెట్టించిన సంగతి కూడా చదివాను. ఆ జోడించిన చేతులను చూస్తూ నిలబడినంతసేపూ ఆ ఓడే నా కళ్ల ముందు మెదిలింది. నమస్కరించబుద్ధి కాలేదు, అక్కడి నుంచి కదలబుద్ధి కూడా కాలేదు.

"మిరపకాయను మన దేశానికి తెచ్చింది ఈ ఓడలవాళ్లే కదా" అన్నారు మావారు మెల్లగా. "ఫిరంగులను తెచ్చింది కూడా వాళ్లేనండీ" అన్నాను. ఆయన తల ఊపారు. రెండూ నిజమే కనుక ఇద్దరమూ ఆ మాటను అంతటితో వదిలి బయటికి వచ్చాము.

మఠానికి కూతవేటు దూరంలో 1837 నుంచి నడుస్తున్న మిఠాయి దుకాణం ఉంది. బెలేం పేరుతోనే పిలిచే గుడ్డు సొన మిఠాయి అక్కడే పుట్టింది. 1834లో పోర్చుగల్‌లో మఠాలన్నింటినీ మూయించినప్పుడు బతుకుతెరువు కోసం మఠంవాళ్లు అమ్మకానికి పెట్టిన తీపి అదేనని చెబుతారు. మఠాల్లో బట్టలకు గంజిలాగా తెల్లసొన వాడేవారట; మిగిలిపోయిన పచ్చసొన అంతా ఇలాంటి తీపి వంటకాల్లోకి చేరిందట. మావారు మాంసం, చేప ముట్టరు గాని గుడ్డు తింటారు కనుక, ఈ ప్రయాణంలో ఇద్దరమూ సమానంగా పంచుకున్న తీపి ఇదే. అరచేతిలో ఇమిడే పెంకు, అందులో మీగడలాంటి పచ్చసొన, పైన అక్కడక్కడా నల్లగా మాడిన మచ్చలు. వేడివేడిగా తెచ్చిపెడతారు, దాల్చినచెక్క పొడి, చక్కెర పొడి మనమే చల్లుకోవాలి. కొరికినప్పుడు పెంకు పొరలు పొరలుగా విరిగి ఒడిలో రాలుతుంది. ఆ మాడిన మచ్చ రుచి లేకపోతే తీపి వెగటు పుట్టేదేమో. ఇద్దరం కలిసి ఆరు తిన్నాము.

మధ్యాహ్న భోజనం గురించి చెప్పవలసింది ఒక్కటే. పోర్చుగల్ భోజనశాలల్లో కూర్చోగానే మనం అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న తెచ్చి బల్ల మీద పెడతారు. అవి ఉచితం కావు, తిన్నవాటికి డబ్బు కట్టాలి. వద్దంటే నొచ్చుకోకుండా తీసుకుపోతారు. కొత్తగా వెళ్లేవాళ్లు ఈ పద్ధతి తెలుసుకుని ఉంటే బిల్లు వచ్చినప్పుడు ఆశ్చర్యపోనవసరం ఉండదు.

ఆ తరువాత గుట్ట ఎక్కి కార్మో మఠానికి వెళ్లాము. 1389లో కట్టడం మొదలుపెట్టిన ఈ చర్చికి ఇప్పుడు కప్పు లేదు. 1755 నవంబరు 1 ఉదయం, సర్వ పునీతుల పండుగ నాడు, చర్చిలన్నీ భక్తులతో నిండి కొవ్వొత్తులు వెలుగుతున్న వేళ భూమి కంపించింది. కొవ్వొత్తుల నుంచి, పొయ్యిల నుంచి మంటలు అంటుకున్నాయి. ప్రాణభయంతో నది ఒడ్డుకు పరుగెత్తినవాళ్ల మీదికి సముద్రం కెరటమై వచ్చింది. కార్మో కప్పు ఆ రోజే కూలింది. తిరిగి కప్పే ప్రయత్నం కొంత జరిగినా, చివరికి దానిని అలాగే ఉంచేశారు. రాతి కమానులు మాత్రం ఒకదాని వెనుక ఒకటిగా ఆకాశాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒక పావురం ఎగిరిపోతే, దాని నీడ నేల మీద మా పాదాల పక్క నుంచి జరిగిపోయింది.

అక్కడి నుంచి కిందికి దిగుతుండగా నేను కాలు జారి పడ్డాను. లిస్బన్‌లో కాలిబాటలన్నీ అరచేతిలో పట్టేంత చిన్న చిన్న తెల్ల సున్నపురాళ్లను పక్కపక్కన పేర్చి చేసినవి. వాటిని కల్సాదా అంటారు. తరాల తరబడి జనం నడిచి నడిచి ఆ రాళ్లు నునుపుదేరి మెరుస్తుంటాయి. మోకాలు గీసుకుపోయింది. మావారు కంగారుపడి ఇక విశ్రాంతి తీసుకుందామన్నారు గాని, మంచినీళ్లతో కడిగి చేతిగుడ్డ కట్టుకుని నేను ముందుకే నడిచాను. పడిన తరువాత మాత్రం నా చూపు నేల మీదే నిలిచింది. అలా తల దించి నడవకపోతే రొస్సియో కూడలిని నేను అంత శ్రద్ధగా చూసి ఉండేదాన్ని కాదు. ఆ కూడలి నేల అంతా తెల్లరాయి, నల్లరాయి కలిపి పరిచిన కెరటాలే. 1842లో సావ్ జోర్జ్ కోట దగ్గర ఖైదీల చేత ఇలాంటి నలుపు తెలుపు పనిని మొదట చేయించారు. దాన్ని చూడడానికి జనం వచ్చేవారట. అది నచ్చడంతో 1848లో రొస్సియోలో ఈ కెరటాల పని మొదలుపెట్టారు. కూడలి మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తే చదునైన నేల ఎగిసిపడుతున్నట్టే ఉంటుంది.

అల్ఫామా పేటకు 28వ నంబరు పసుపు ట్రామ్‌లో వెళ్లాలని ఉండింది గాని, అప్పటికే అది కిక్కిరిసి ఉండడంతో నడిచే వెళ్లాము. దారిలో పునీత ఆంతోనీ చర్చి ఉంది. పన్నెండో శతాబ్దం చివర లిస్బన్‌లోనే పుట్టిన ఆయనను ఈ ఊరివాళ్లు తమ ఇంటి మనిషిలా చూసుకుంటారు, పెళ్లిళ్లు కుదిర్చే దేవుడిగా కొలుస్తారు. జూన్ 13 ఆయన పండుగ. ముందురోజు రాత్రంతా ఊరు నిద్రపోదు. మేము వెళ్లింది పండుగ దాటిన వారానికి. రంగు కాగితాల తోరణాలు ఇంకా సందుల మీద వేలాడుతూనే ఉన్నాయి. ఒక ఇంటి గుమ్మంలో మెట్లు మెట్లుగా పేర్చిన చిన్న పీఠం, దాని నిండా బొమ్మలు, పూలు, కాగితపు అలంకరణలు కనిపించాయి. అచ్చం మన బొమ్మల కొలువే అనిపించి ఆగిపోయాను. ఆ పక్కనే ఇద్దరు పిల్లలు చిన్న గిన్నె పట్టుకుని పునీత ఆంతోనీ కోసం ఒక్క నాణెం అని అడుగుతున్నారు. 1755లో కూలిన చర్చిని తిరిగి కట్టడానికి పిల్లలు ఇలాగే వీధుల్లో చందాలు అడిగారట. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. మావారు గిన్నెలో రెండు యూరోలు వేశారు.

సాంతా లూజియా గుట్ట మీద చర్చి గోడకు నీలం తెలుపు పలకల చిత్రం ఒకటి ఉంది. భూకంపానికి ముందు నది ఒడ్డున రాజభవనపు మైదానం ఎలా ఉండేదో అందులో చూపించారు. అక్కడే నిలబడి ఇటు చూస్తే, కిందికి దిగుతున్న అల్ఫామా ఇళ్ల ఎర్ర పెంకులు, వాటికి అవతల తేజు. భూకంపాన్ని చాలావరకు తట్టుకున్న పేట ఇదే కనుక సందులన్నీ పాతకాలపు వంకరలతోనే ఉన్నాయి. అల్ఫామా అన్న పేరు కూడా అరబ్బుల కాలం నాటిదే. వేడినీటి ఊటలను వాళ్లు అలా పిలిచేవారు.

ఆ సందుల్లోకి దిగేసరికి సాయంత్రం ఏడు దాటింది, కాని జూన్‌లో అక్కడ తొమ్మిది వరకు వెలుతురు ఉంటుంది. ఇళ్ల ముందు బొగ్గుల కుంపట్లు పెట్టి సార్డిన్ చేపలు కాలుస్తున్నారు. అవి మన కవళ్ల జాతి చేపలు. ఈ కాలంలో బాగా కొవ్వు పట్టి ఉంటాయి. కొవ్వు బొగ్గు మీద పడినప్పుడల్లా పొగ సందు నిండా కమ్ముకుంటోంది. ఒక ఇంటి ముందు పొడవాటి బల్ల వేసి ఉంది, ఖాళీ మాత్రం లేదు. మేము వెనుదిరగబోతుంటే చివరన కూర్చున్న ఒక పెద్దావిడ పక్కవాళ్లను జరగమని, తాను కూడా జరిగి, బల్ల చెక్క మీద అరచేత్తో రెండు సార్లు తట్టింది. భుజం మీద ఒక చిన్న గళ్ల గుడ్డ. ఆవిడకు ఇవతల పెద్దాయన, ఎదురుగా వాళ్ల మనవరాలు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు కనుక మా పని తేలికయింది. మావారు శాకాహారి అని చెప్పగానే పెద్దావిడ లేచి వెళ్లి, కాల్చిన పెద్ద మిరపకాయల ముక్కలు, ఉల్లిపాయ, ఆలివ్ నూనె కలిపిన పళ్లెం, ఉడికించిన బంగాళాదుంపలు తెప్పించింది.

సార్డిన్ తినే పద్ధతిని నాకు ఆ అమ్మాయే చూపించింది. మందంగా కోసిన రొట్టె ముక్క మీద చేపను పెట్టుకుని, వేళ్లతోనే తోలు తీసి, పైన కండ తిని, ముల్లును తోక పట్టుకుని ఎత్తేయాలి. ఒక చేప తరువాత ఇంకొకటి అదే రొట్టె మీదకు వస్తుంది. నాలుగైదు చేపల కొవ్వు, ఉప్పు, పొగ పీల్చుకున్న రొట్టెను చివర తినాలి. నిజానికి అందరూ ఎదురుచూసేది ఆ రొట్టె కోసమేనని ఆ అమ్మాయి అంది. తిన్నాక ఆమె మాట నిజమని నేనూ ఒప్పుకున్నాను.

నా రెండు చేతులూ జిడ్డుగా ఉన్నప్పుడు మావారి పళ్లెంలోని నూనె ఆయన చొక్కా మీద చిందింది. "ఆ తువ్వాలు ఇటివ్వు" అన్నారు ఆయన నాతో. నేను కదలక ముందే పెద్దావిడ భుజం మీది గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టింది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆవిడ సందర్భాన్ని బట్టి గ్రహించి ఉంటుందిలే అనుకున్నాము.

కొంతసేపటికి నా చూపు పెద్దాయన చేతుల మీద పడింది. ఎడమ అరచేయి చెక్కలా గట్టిపడి ఉంది, బొటనవేలి గోరు మందంగా, ఒక పక్కకు పెరిగి ఉంది. "చేతులు చూడండి, ఈయన తప్పకుండా మేస్త్రీ అయి ఉంటారు" అన్నాను మావారితో, తెలుగులోనే. పెద్దాయన తినడం ఆపి నా వైపు తిరిగారు. "మెష్త్ర్?" అన్నారు. తరువాత గుండె మీద చేయి వేసుకుని, "మెష్త్ర్ కల్సెతెయిరో" అని తల ఊపారు. మనవరాలు ఆశ్చర్యంగా మమ్మల్ని పోర్చుగీసు వచ్చా అని అడిగింది. తాతగారు నలభై ఏళ్లకు పైగా ఈ ఊరి కాలిబాటలకు రాళ్లు పరిచిన మేస్త్రీ అని చెప్పింది. నేను అన్న మాట తెలుగు మాట అని, ఇల్లు కట్టేవాళ్లకు పెద్దను మేము అలాగే పిలుస్తామని చెప్పినప్పుడు, పెద్దాయన ఆ మాటను నా చేత రెండు సార్లు పలికించుకుని విన్నారు.

ఇక ఆయన సంతోషానికి అడ్డు లేదు. చేతిలోని రొట్టెతో రాయి పని ఎలా చేస్తారో చూపించారు. ఎండి గట్టిపడిన అంచును తుంచి ఎడమ అరచేతిలో పెట్టుకున్నారు; కత్తి పిడిని సుత్తిలా కుడి చేత పట్టుకున్నారు. రాతిని నేల మీద పెట్టి కొట్టరట. అరచేతిలోనే తిప్పుతూ, ఏ వైపు పగులు ఉందో వేళ్లతో తెలుసుకుని, చిన్న చిన్న దెబ్బలతో పక్కనున్న రాతికి అతికేలా అంచులు సరిచేస్తారట. ఎనిమిది గంటలు చిన్న పీట మీద వంగి కూర్చోవాలి. ఇసుక పరుపు మీద రాళ్లు కూర్చి, సందుల్లో ఇసుక నింపి, నీళ్లు చల్లి, చివర దిమ్మిసతో మట్టం చేయాలి. కెరటాలు, పూలు, నక్షత్రాలు రావాలంటే ముందు చెక్క అచ్చులు పెట్టి వాటి చుట్టూ నల్లరాయి పేర్చుకుంటూ రావాలి. చెబుతున్నంతసేపూ ఆయన వేళ్లు ఆ రొట్టె తునకను తిప్పుతూనే ఉన్నాయి. మాట ఆగేసరికి దానికి నిజంగానే నాలుగు మూలలు వచ్చాయి.

నా మోకాలి కట్టు చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయన వంగి నా చెప్పు అడుగుభాగం చూశారు, నునుపుగా ఉందని చూపుడువేలితో రాసి చూపించారు. జారి పడిపోతున్నామని, ముఖ్యంగా వృద్ధులకు కష్టంగా ఉందని ఈ రాళ్లను తీసేయమనేవాళ్లు ఊరిలో ఉన్నారని, వాళ్ల మాటలో న్యాయం ఉందని, తానూ ఇప్పుడు గోడ పట్టుకునే నడుస్తానని అన్నారు. ఈ పని నేర్పడానికి నగరపాలక సంస్థ 1986లో బడి పెట్టినా, రోజంతా వంగి కూర్చునే ఓపిక, ఆ జీతానికి ఒప్పుకునే మనసు ఇప్పటి పిల్లల్లో ఎందరికి ఉంటుందని అన్నారు. ఆ మాట అనువదించేటప్పుడు మనవరాలి గొంతు తగ్గింది. రెండు మాటలూ నిజమని ఒప్పుకుంటూనే తన పనిని ప్రేమించడం ఆయనలో చూశాను. పొద్దున సమాధి ముందు నాకు చేతకానిది అదే.

తువ్వాలు సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. పెద్దావిడ భుజం మీది గుడ్డను చూపించి తువ్వాలు అన్నాను. "తువాల్య" అంది ఆవిడ వెంటనే. అక్కడి నుంచి అది ఆటలా మారింది. మావారు చొక్కా బొత్తాం పట్టుకుని చూపిస్తే పెద్దాయన "బుతాంవ్" అన్నారు. అలమార అంటే వాళ్లకు "అర్మారియు". అనాసను వాళ్లూ "అననాష్" అంటారు. ద్రాక్షసారా పోసే పీపా ఇద్దరికీ పీపాయే. పాదిరి అనగానే ఆవిడ శిలువ గుర్తు వేసుకుని "పాద్రె" అంది. సబ్బు అంటే "సబాంవ్" అని నవ్వింది. ఇస్త్రీ దగ్గర మాత్రం ఆట ఆగిపోయింది. అది కూడా పోర్చుగీసు నుంచే వచ్చిందని ఎక్కడో చదివిన ధైర్యంతో నేను పదే పదే అన్నాను, బట్ట మీద చేయి ఆడించి చూపించాను. వాళ్లు ఆ పనికి ఇనుముతో సంబంధం ఉన్న వేరే మాట వాడతారట. అయినా పెద్దావిడ ఆ మాటను ఓడిపోయినదిగా వదలలేదు, మనవరాలి చేత కాగితం మీద రాయించుకుని దాచుకుంది.

సముద్రం దాటి వచ్చిన ఆ మాటలన్నీ చేతికి తగిలే వస్తువుల పేర్లు, పని చేసేవాళ్ల పేర్లు. రాజులూ నావికాధిపతులూ వాటిని మోసుకొచ్చి ఉండరు. ఓడలో బట్టలు ఉతికినవాడు, పీపాలు దొర్లించినవాడు, రేవులో గోడ కట్టినవాడు పక్కన పని చేస్తున్న మనవాడితో మాట్లాడి ఉంటారు. ఇది నా ఊహే. కాని ఆ బల్ల దగ్గర ఆ ఊహను నేను పూర్తిగా నమ్మాను.

బల్ల మధ్యలో ఒక చిన్న కుండీలో గుండ్రంగా కత్తిరించినట్టున్న పచ్చని మొక్క ఉంది. దానిలో ఒక కాగితపు పువ్వు, నాలుగు పంక్తుల ప్రేమ పద్యం రాసిన చిన్న జెండా గుచ్చి ఉన్నాయి. అది మంజెరికు, పునీత ఆంతోనీ పండుగకు ప్రియులు ఒకరికొకరు ఇచ్చుకునే మొక్క, మన తులసికి దగ్గరి చుట్టం. మావారు అలవాటుగా వంగి వాసన చూడబోతే ముగ్గురూ ఒక్కసారిగా వద్దన్నారు. ముక్కు దగ్గరగా పెడితే మొక్క వాడిపోతుందట. అరచేతిని ఆకుల మీద మెల్లగా ఆనించి, ఆ చేతిని వాసన చూసుకోవాలి. మావారు అలా చేసి, తన అరచేతిని నా ముఖం దగ్గరికి తెచ్చారు. చేపల పొగ నిండిన ఆ సందులో, తులసి కంటే కొంచెం తియ్యగా, ఆ వాసన ఎంతో తేటగా ఉంది.

పై సందులో ఎక్కడో ఫాదో, అంటే పోర్చుగల్‌వాళ్ల విషాద గీతం, పాడడం మొదలుపెట్టారు. బల్ల దగ్గర మాటలు వాటంతట అవే ఆగిపోయాయి. పాట ముగిసే వరకు పెద్దావిడ గ్లాసును కూడా కింద పెట్టలేదు. ఫాదో గురించి చాలా మంది రాశారు కనుక నేను ఎక్కువ రాయను. అంత వృద్ధురాలు పాట వినడానికి అంత నిశ్చలంగా కూర్చోవడాన్ని చూసిన ఆ రెండు మూడు నిమిషాలే నాకు మిగిలాయి.

వెళ్లేటప్పుడు కృతజ్ఞత చెప్పడం కూడా వాళ్లే నేర్పారు: మావారు "ఒబ్రిగాదు" అనాలి, నేను "ఒబ్రిగాదా" అనాలి. మేము తిన్నదానికి డబ్బు ఇచ్చాము గాని, మావారి పళ్లేనికి మాత్రం పెద్దావిడ తీసుకోలేదు. నది తేమకు రాళ్లు ఇంకా జారుతాయని పెద్దాయన కర్ర తీసుకుని మెట్ల చివరి వరకు మాతో వచ్చారు. ఒక మలుపులో ఆగి, కర్రతో నేల చూపించి, మనవరాలిని ఫోన్ లైటు వేయమన్నారు. తెల్లరాళ్ల మధ్య, గోడకు ఆనుకుని, పిడికెడంత నల్లరాతి నక్షత్రం ఒకటి కనిపించింది. దానికి ఐదు కొనలు. ఒక కొన మిగిలినవాటి కంటే కొంచెం పొట్టి. తాను పనిలో చేరిన మొదటి సంవత్సరం పెట్టానని చెప్పారు. ఆ పొట్టి కొనను ఆయన కర్ర చివరతో రెండు సార్లు తాకారు.

మేము ఇంటికి వచ్చిన రెండు వారాలకు ఆ అమ్మాయి నుంచి ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. పళ్లెంలో చేపల కొవ్వు పీల్చుకున్న రొట్టె ముక్క, పక్కన పెద్దావిడ చేయి. ఆ రాత్రంతా బల్ల మీదే ఉన్న దీనిని మనం అడగనే లేదని, దీనిని తాము "పాంవ్" అంటామని, మీ దగ్గర ఏమంటారో అమ్మమ్మ తెలుసుకోవాలంటోందని కింద రాసింది. మావారు ఫోన్ నా చేతి నుంచి తీసుకుని, "పావ్" అని గొంతుతోనే చెప్పి పంపారు.